పాల కవర్లు, పెళ్లి పత్రికలు, గుడ్ల ట్రేలతో క్రిస్మస్ అలంకరణ: తిరుపతి వానకు నిలవాలంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తిరుపతిలో అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. పోయినేడు బాల్కనీలో కట్టిన కాగితపు స్టార్ పండగ రాకముందే వానకు ఊడిపోయింది. చెట్టుకు వేలాడదీయడానికి ఇంట్లో కాగితపు గుజ్జుతో చేసిన గుండ్లకు బూజు పట్టింది. ఈసారి ఏమీ కొనకుండా, పారేసే వస్తువులతోనే స్టార్, చెట్టు, యేసు పుట్టిన పశువుల పాక చేయాలి. పిల్లలు కూడా చేయి వేస్తారు.

రెండు నష్టాలకూ మూలం ఒకటే, జిగురు. ఏ వస్తువుతో చేయాలన్నది తర్వాత సంగతి. అది ఎక్కడ వేలాడుతుంది, దాన్ని ఏది పట్టి ఉంచుతుంది అన్నది ముందు తేల్చుకోండి. డిసెంబరులో మనకు ఈశాన్య రుతుపవనాల చివరి వానలు ఉంటాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే రెండు మూడు రోజులు ముసురు వదలదు. 2023లో మిచాంగ్ తుఫాను సరిగ్గా డిసెంబరు మొదటి వారంలోనే వచ్చింది, అంటే అందరూ స్టార్లు కట్టే రోజుల్లో. వీడియోల్లో చూపించే చాలా పనులు పొడి చలి ఉన్న దేశాల కోసం చేసినవి. ఉప్పు కలిపిన పిండిముద్దతో బొమ్మలు చేయమంటారు. ఉప్పు గాలిలో తేమను లాగుతుంది కాబట్టి ఇక్కడ అవి వారానికే మెత్తబడి దారం దగ్గర తెగుతాయి. బత్తాయి చక్రాలు ఎండబెట్టి వేలాడదీస్తే చీమలు వస్తాయి, తర్వాత బూజు. ఆ రెండింటి జోలికి పోకండి.

కాబట్టి బయట వేలాడేదానికి జిగురు అసలు వద్దు. కట్టాలి, కుట్టాలి. ఇంట్లోవాటికి పిండి జిగురు చాలు.

ముందు స్టార్. బయటికి పాల కవర్ల కంటే మంచి గుడ్డ దొరకదు. నీళ్లు దిగవు, వెలుతురు దిగుతుంది. కవరు మూల కొంచెం కత్తిరించి పాలు పోసుకోవడం అందరికీ అలవాటు. దాచుకునే కవర్లకు మాత్రం పై అతుకు పొడవునా కత్తిరించండి, లేకపోతే మూలల్లో పాలు నిలిచి పులుస్తాయి. మొదట చన్నీళ్లతో కడగాలి. నేరుగా వేడినీళ్లు పోస్తే పాలు లోపలి పొరకు అంటుకుని ఉడికిపోతాయి, ఆ వాసన తర్వాత ఏ సబ్బుకూ పోదు, చీమలు వెతుక్కుంటూ వస్తాయి. చన్నీళ్ల తర్వాత సబ్బు, ఆ తర్వాత నీడలో ఆరబెట్టడం. ఆరాక ప్రతి కవరునూ బల్బుకు ఎదురుగా పట్టి చూడండి. కొన్ని రకాల కవర్లకు లోపల నల్ల పొర ఉంటుంది, వాటిలోంచి వెలుతురు రాదు, పక్కన పెట్టండి.

స్టార్ కొలత 60 సెంటీమీటర్లు అనుకుందాం, బాల్కనీకి అది సరిపోతుంది. 60 సెం.మీ. పొడవున్న వెదురు బద్దలు పది కావాలి, సెంటీమీటరు వెడల్పు, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం. తెగిపోయిన వెదురు కర్టెన్, పాత తడిక ఇంట్లో ఉంటే అందులోంచే వస్తాయి. పుల్లల చీపురు ఈనెలు ఇంత పెద్ద స్టార్‌కు బలం చాలవు, 25 సెం.మీ. లోపు చిన్నవాటికైతే పనికొస్తాయి. బద్దల్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొడి బద్ద వంచితే పుటుక్కున విరుగుతుంది.

ఇప్పుడు గురుతులు. ప్రతి బద్దకూ రెండు చివరల నుంచీ 23 సెం.మీ. దగ్గర గీత పెట్టండి. మధ్యలో 14 మిగులుతుంది. ఐదు బద్దల్ని నేలమీద ఐదు మూలల చుక్కగా పరిచి, ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి పోయేలా అల్లి, చివరలు పురికొసతో కట్టండి. బద్దలు ఒకదాన్నొకటి దాటే చోటు సరిగ్గా ఆ గీతల మీద పడాలి. పడకపోతే ఏదో ఒక కొన జారిందన్నమాట, కట్టు విప్పి సరిచేయండి. ఇక్కడ ఒక సెంటీమీటరు వదిలేస్తే చివర్లో స్టార్ ఒక కాలు పొట్టిగా వస్తుంది. ఇలాంటివి రెండు చట్రాలు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు కొనలూ జంటగా కట్టేయండి. లోపలి ఐదు కూడళ్ల దగ్గర మాత్రం రెండు చట్రాల మధ్య 14 సెం.మీ. పుల్ల నిలబెట్టండి. ఆ పుల్ల రెండు చివరలా వీ ఆకారంలో చిన్న గాటు పెడితే బద్దను పట్టుకుని జారదు. బద్దలు తడిగా ఉండగానే ఈ పని అయిపోవాలి. చట్రం ఒక రోజు ఆరితే ఆ వంపులోనే బిగుసుకుంటుంది.

పుల్ల పొడవు 14 ఎందుకంటే, బద్ద మధ్యభాగం కూడా 14 కాబట్టి. అప్పుడు ముందు, వెనుక, పక్కల కలిపి కావలసిన ఇరవై త్రికోణాలూ ఒకే కొలతలో వస్తాయి: అడుగు 14, రెండు పక్కలు 23. అట్టముక్కతో ఒక్క నమూనా కత్తిరించుకుంటే పిల్లలు మిగతావన్నీ గీసేస్తారు. మడతకు చుట్టూ రెండు సెంటీమీటర్లు అదనంగా వదలండి. ఇవి కాక ముందొకటి, వెనకొకటి ఐదు భుజాల మధ్య ముక్కలు కావాలి, ఒక్కో భుజం 14. అరలీటరు కవరును విప్పి పరిస్తే ఒక త్రికోణం వస్తుంది. మధ్య ముక్కకు రెండు కవర్లు కలిపి కుట్టాలి. మొత్తం 24 కవర్లు, ఒకటి రెండు పాడైనా సరిపోయేలా 27 దాచుకోండి. రోజుకొక అరలీటరు వాడే ఇంట్లో నవంబరు మొదటి వారంలోనే దాచడం మొదలుపెట్టాలి. ఆలస్యమైతే పక్కింటివాళ్లను అడగండి, పాల కవర్లు ఇవ్వనని ఎవరూ అనరు.

పాల కవరు ప్లాస్టిక్‌కు మైదా బంక గానీ ఫెవికాల్ గానీ అంటదు. అంటినట్టే కనిపించి ఆరాక పొరలా లేచిపోతుంది. కాబట్టి అంచును బద్ద చుట్టూ తిప్పి, రెండు మడతలు వేసి, పూలదారంతో రెండేసి సెంటీమీటర్లకు ఒక కుట్టు వేయండి. మడత ఒక్కటే అయితే సూది రంధ్రాల వెంట కవరు చిరుగుతుంది, గాలి వీచిన రాత్రే తెలిసిపోతుంది. దబ్బనం వద్దు, రంధ్రం పెద్దదవుతుంది, మామూలు కుట్టుసూది చాలు. అచ్చు ఉన్న వైపు లోపలికి పెట్టండి. వెలుగులో రాతలు లీలగా కనిపిస్తాయి. అది ఇష్టం లేకపోతే లోపల పాత తెల్ల లుంగీ గుడ్డ ఒక పొర వేయండి. వెనుక మధ్య ముక్క మూడు వైపులే కుట్టి మిగతాది తెరిచి ఉంచండి, దీపం పెట్టడానికి చేయి పట్టాలి. కింది రెండు కొనల్లో సూదితో రెండు మూడు రంధ్రాలు పొడవండి. ఎంత కుట్టినా వాన లోపలికి కొంచెం దిగుతుంది, దానికి బయటికి పోయే దారి కావాలి.

దీపం సంగతి జాగ్రత్తగా చదవండి. పాత జీరో వాట్ బల్బులు పేరుకే జీరో, నిజానికి 15 వాట్లదాకా కాలుస్తాయి. ఆ వేడికి దగ్గరలోని పాల కవరు మెత్తబడి కుంగుతుంది. అర వాటు ఎల్‌ఈడీ బల్బు చాలు. అంతకంటే మంచిది, ఇంట్లో మూలపడిన పాత ఫోన్ ఛార్జర్‌తో నడిచే 5 వోల్టుల ఎల్‌ఈడీ దండ. ఛార్జర్ ఇంట్లో స్విచ్‌బోర్డు దగ్గరే ఉంటుంది, బాల్కనీలోకి వెళ్లేది 5 వోల్టుల తీగ మాత్రమే. పిల్లలు తడిచేత్తో పట్టుకున్నా భయం లేదు. ఇంటి కరెంటు బల్బే పెడతామంటే బయట తీగలు మెలిపెట్టి టేపు చుట్టే పని వద్దు, ఇంటి లోపలి సాకెట్ నుంచి హోల్డర్‌దాకా అతుకు లేని ఒకే తీగ ఉండాలి. ఏ తీగైనా స్టార్‌లోకి వెళ్లే ముందు ఒక జానెడు కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి. వాననీళ్లు తీగ వెంట జారుతూ వస్తాయి, ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి. వంపు లేకపోతే నేరుగా హోల్డర్‌లోకి దిగుతాయి. స్టార్‌ను పైనుంచి ఒక తాడుతో వేలాడదీసి, కింది కొనల్లో ఒకదాన్ని బాల్కనీ కమ్మీకి మరో తాడుతో కట్టండి. పై తాడు ఒక్కటే ఉంటే గాలికి గిరగిరా తిరిగి తీగ మెలిపడుతుంది, ఒకరోజు దీపం ఆరిపోతుంది, ఎందుకో అర్థం కాదు.

ఇక లోపలి పని. ఇక్కడ మైదా బంకే రాజు. ఒక కప్పు మైదాను ఒక కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, నాలుగు కప్పుల మరిగే నీళ్లలో సన్నధారగా పోస్తూ కలియబెట్టండి. నాలుగైదు నిమిషాలకు తెల్లదనం పోయి కాస్త పారదర్శకంగా అవుతుంది, అదే గుర్తు. తెల్లగా ఉండగానే దించేస్తే పిండి ఉడకలేదన్నమాట, ఆరాక పొడిగా రాలుతుంది. దించాక ఒక చెంచా పటికపొడి కలిపితే బూజు ఆలస్యమవుతుంది. పోస్టర్లు అంటించేవాళ్లు మైలుతుత్తం వేస్తారు, బాగానే పనిచేస్తుంది, కానీ అది విషం. పిల్లలు చేతులతో కలిపే పనిలో దాని ఊసే వద్దు.

ఇంతకంటే గట్టిది కావాలంటే చింతపిక్కల జిగురు. కొండపల్లి బొమ్మల ముక్కల్ని అతికే మక్కులో రంపపు పొట్టుతో కలిసేది ఈ చింతపిక్కల పిండే. చిత్తూరు వైపు చింతపండు కొట్టే రోజుల్లో పిక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. పిక్కల్ని బాణలిలో పైతోలు చిట్లేదాకా వేయించి, దంచి తోలు తీసి, లోపలి పప్పును రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బండి. వంద గ్రాముల పప్పుకు ముప్పావు లీటరు నీళ్లు పోసి, చిక్కటి గంజిలా అయ్యేదాకా సన్నసెగ మీద అరగంట ఉడికించాలి. అడుగంటుతుంది, తిప్పుతూనే ఉండండి. రంగు మాత్రం లేత గోధుమ, తెల్ల కాగితం మీద మరక కనిపిస్తుంది. రెండు జిగుర్లూ రెండు మూడు రోజులకు మించి ఆగవు, పులిసిన వాసన వస్తే పారేయండి.

మీ గుండ్లకు బూజు ఎందుకొచ్చిందో ఇప్పుడు చెప్తాను. కాగితపు గుజ్జును లడ్డూలా గట్టిగా ఉండ చుట్టి ఉంటారు. పైపొర ఒక్క రోజులో ఆరి గట్టిపడుతుంది, లోపలి తడికి బయటికి దారి ఉండదు, పిండి జిగురు లోపలే కుళ్లుతుంది. గుండు బోలుగా ఉండాలి, పొర మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. గుడ్ల ట్రే ఒకటి చింపి రాత్రంతా నానబెట్టండి. మిక్సీలో ఎక్కువ నీళ్లతో కొంచెం కొంచెంగా, ఆపి ఆపి తిప్పండి, చిక్కగా తిప్పితే మోటారు వేడెక్కుతుంది. గుడ్డలో పిండితే తడి ముద్ద వస్తుంది. దానికి నాలుగు పెద్ద చెంచాల జిగురు, రెండు చెంచాల రాతి ముగ్గుపిండి కలపండి. ముగ్గుపిండి నునుపునిస్తుంది, కానీ ఎక్కువైతే గుండు చేతిలో పొడిపొడిగా రాలిపోతుంది. పిల్లలు ఆడి పారేసిన ప్లాస్టిక్ బంతికి కొంచెం నూనె రాసి, సగం మేరకు ఈ ముద్దను పలచగా తట్టండి, ఇలాంటి అరలు రెండు కావాలి. ఆరాక రెండు అరలు ఊడదీసి, లోపల దారం ముడి పెట్టి, అంచులు జిగురుతో కలపండి. ఆరడానికి ఎండ ఉంటే రెండు రోజులు, ముసురైతే నాలుగైదు. మిట్టమధ్యాహ్నం ఎండలో పెడితే పైపొర ముందు ముడుచుకుని పగుళ్లిస్తుంది, ఫ్యాను గాలి మేలు. రాత్రి చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

ట్రేలోని గుంతలను విడివిడిగా కత్తిరిస్తే వేలాడదీసే బుల్లి గంటలవుతాయి. ఒక ట్రేకు ముప్పై. అంచు గుండ్రంగా సరిచేసి, పైన రంధ్రం, లోపల దారానికి ఒక చింతపిక్క. చిన్నపిల్లలకు ఇంతకంటే తేలిక పని లేదు.

రంగుల విషయంలో పసుపు, బీట్‌రూటు రసం లాంటివి చెప్పేవాళ్లు చాలామంది. వెలుతురు తగిలితే పసుపు రంగు వెలిసిపోతుంది, బీట్‌రూటు అంతకంటే త్వరగా. నిలిచేది మట్టిరంగే. గడపలకు, అరుగులకు పూసే జాజు కొనడానికి పెద్ద ఖర్చేమీ కాదు, పలచటి జిగురులో కలిపి పూస్తే చక్కటి ఇటుక ఎరుపు, వెలవదు. తెలుపుకు సున్నం. మెరుపుల పొడి, స్ప్రే రంగు మాత్రం వద్దు. మెరుపు కూడా సన్న ప్లాస్టికే, ఊడ్చినకొద్దీ ఇల్లంతా పరుచుకుంటుంది. స్ప్రే కొట్టిన అట్టను పాత పేపర్లవాడు కూడా తీసుకోడు.

మెరుపు కావాలంటే చిప్స్ ప్యాకెట్ల లోపలి వెండి వైపు ఉంది కదా. అది పలు పొరల ప్లాస్టిక్, పాత సామాన్లవాడికి పనికిరానిది, కాబట్టి దాన్ని వాడుకోవడమే లాభం. సబ్బుతో నూనె పోగొట్టి, నాలుగు సెం.మీ. పట్టీలుగా కత్తిరించి, ఒక అంచున సెంటీమీటరు వదిలి మిగతా మూడింటినీ సన్నగా జాలరులా గాట్లు పెట్టండి. పురికొస చుట్టూ ఏటవాలుగా చుడుతూ రండి, మొదటా చివరా దారంతో ముడి వేయండి. దీనికీ బంక అంటదు.

పెళ్లి పత్రికల గుండు అన్నిటికంటే అందంగా వస్తుంది. తిరుపతిలో ఏ ఇంట్లో చూసినా శుభలేఖల కట్ట ఒకటి ఉంటుంది. కానీ ఒక మాట. వాటిమీద వేంకటేశ్వరస్వామి, వినాయకుడి బొమ్మలుంటాయి. అవి ఉన్న ముక్క కత్తెర పెట్టకుండా విడిగా తీసి, పత్రిక ఇచ్చిన ఇంటివాళ్లకో, ఇరుగుపొరుగుకో అప్పగించండి, వాళ్ల పద్ధతిలో వాళ్లు చూసుకుంటారు. రంగు కవరు, లోపలి కాగితాలు మనకు చాలు. క్యాలెండర్లకూ ఇదే వర్తిస్తుంది.

2-4 సైజు గాజును పత్రిక మీద పెట్టి లోపలి అంచు వెంట గీస్తే 5.7 సెం.మీ. వృత్తం వస్తుంది. అలాంటివి ఇరవై. 4.9 సెం.మీ. సమబాహు త్రికోణాన్ని అట్టతో చేసుకుని, వృత్తం లోపల ఆనించి మూడు అంచులూ పైకి మడవండి. ఐదింటిని రెక్కలు కలిపి ఒక మూత, మరో ఐదింటితో అడుగు, మిగిలిన పదిని ఒకటి నిలువుగా ఒకటి తలకిందులుగా పెట్టి నడుము పట్టీ. మూత బిగించేముందే దారం లోపలికి వేయండి. జిగేల్మనే పూత ఉన్న కార్డుకు బంక పట్టదు, స్టేప్లర్ వాడండి, ముప్పై పిన్నులతో అయిపోతుంది. గుండు సుమారు పది సెంటీమీటర్ల వ్యాసం వస్తుంది. మడతలు సరిగ్గా పడకపోతే చివరి రెక్క కలవదు. అలాంటప్పుడు బలవంతంగా లాగకుండా ఆ ఒక్క వృత్తాన్నే మార్చండి.

చెట్టుకు సరుగుడు కొమ్మ వాడేవాళ్లున్నారు, ఎవరైనా కొమ్మలు కొట్టేస్తుంటే తెచ్చుకోండి, తడి ఇసుక బకెట్లో నిలబెట్టండి, లేకపోతే త్వరగా రాలుతుంది. దాని కింద రాలిన కాయలు ఏరుకుంటే బుల్లి దేవదారు కాయల్లా ఉంటాయి, తోరణాలకు బాగుంటాయి. అద్దె ఇంట్లో చోటు తక్కువైతే అట్ట చెట్టు మంచిది. ఫ్రిజ్ పెట్టెలోంచి 60 సెం.మీ. అడుగు, 90 ఎత్తు ఉన్న త్రికోణాలు రెండు. అట్ట లోపలి గాడులు నిలువుగా ఉండాలి, అడ్డంగా ఉంటే వారంలో నడుము వంగుతుంది. ఒకదానికి పైనుంచి 45 సెం.మీ., రెండోదానికి కిందినుంచి 45 సెం.మీ. చీలిక పెట్టి ఒకదానిలో ఒకటి దించండి. చీలిక వెడల్పు అట్ట మందమే ఉండాలి. ఐదు పొరల అట్ట అయితే సుమారు ఆరు మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్లు ఎక్కువైనా చెట్టు ఊగుతుంది. రంగు పూస్తే రెండు వైపులా పూయాలి, ఒకవైపే పూస్తే ఆరేటప్పుడు ఆ వైపుకు అట్ట ముడుచుకుంటుంది. నేల తడిగుడ్డతో తుడిచినప్పుడల్లా కింది అంచు నీళ్లు పీలుస్తుంది. మిగిలిన కొవ్వొత్తి ముక్కల్ని కరిగించి కింది మూడు సెంటీమీటర్లకు పూయండి. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకండి, నీళ్లు మరిగే గిన్నెలో చిన్న గిన్నె పెట్టి కరిగించాలి. అలాగైతే వేడి నీటి మరుగును దాటదు, మైనం అంటుకునే ప్రమాదం ఉండదు.

పశువుల పాకకు అట్టపెట్టె, వరిగడ్డి, టెంకాయ పీచు చాలు, పెద్ద పనేమీ కాదు. పచ్చిక కోసం మాత్రం ఇంట్లో సంగటికి తెచ్చుకున్న రాగులే చల్లండి. టెంకాయ చిప్పల్లో రెండు అంగుళాల మట్టి, పైన రాత్రంతా నానిన రాగులు, వాటిమీద సన్నటి మట్టి పొర, రోజూ చేత్తో చిలకరించినన్ని నీళ్లు. డిసెంబరు 14, 15 తేదీల్లో చల్లితే పండగనాటికి పచ్చగా నిలబడుతుంది. చిప్ప అడుగున ఉన్న కన్నుల్లో మెత్తటిదాన్ని మేకుతో పొడిచి రంధ్రం చేయండి, నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయి. ఆలస్యమైతే ఆవాలు, అవి వారంలోపే లేస్తాయి. గడ్డి, పీచు ఉన్న చోట కొవ్వొత్తి పెట్టకండి. ఆ ఎల్‌ఈడీ దండలోని రెండు దీపాలు లోపలికి తిప్పితే సరి.

పండగ అయిపోయి మూడు వారాలు తిరక్కముందే భోగి వస్తుంది, పాతవన్నీ మంటలో వేయాలనిపిస్తుంది. పాల కవర్లు, చిప్స్ దండలు అందులో పడకూడదు, ఆ పొగ పిల్లల ఊపిరికి మంచిది కాదు. స్టార్‌కు కుట్టు విప్పితే కవర్లు పాత సామాన్లవాడికి వేయొచ్చు. అట్ట చెట్టుకు టేపు అంటించలేదు కాబట్టి అదీ అమ్ముడుపోతుంది. స్టేప్లర్ పిన్నులున్న గుండ్లు డబ్బాలో పెట్టుకుంటే వచ్చే ఏడు పనికొస్తాయి. స్టార్ చట్రంలోంచి ఆ ఐదు పుల్లలూ తీసేస్తే మొత్తం దాదాపు పలకలా పడుకుంటుంది, మంచం వెనక్కి తోసేయొచ్చు. పుల్లల్ని ఒక కట్టగా కట్టి చట్రానికే వేలాడదీయండి, లేకపోతే వచ్చే నవంబరులో వాటికోసం ఇల్లంతా వెతకాల్సి వస్తుంది.